అక్క మీద వేసిన ఒట్టు

హిస్కియా కూర్చుని ఉండగా చూసినవాళ్లు మా హరుసేబు ఊళ్లో తక్కువ. టీ నిలబడి తాగుతాడు. చర్చిలో పాస్టరు ప్రార్థన సాగదీస్తే వెనక గోడ దగ్గర ఈ కాలి మీది నుంచి ఆ కాలి మీదికి మారుతూ ఉంటాడు. చావింటికి వచ్చినా అంతే, నాలుగు మాటలు చెప్పి పెరట్లోకి వెళ్లి మేకల దడి చుట్టూ తిరుగుతాడు. యాభై ఎనిమిదేళ్ల మనిషి. భార్య పోయి ఆరేళ్లయింది, పిల్లలు లేరు. ఆ ఇల్లాలు బతికున్న రోజుల్లో, ఈయనకు నాలుగు ముద్దలు పెట్టాలంటే పళ్లెం పట్టుకుని వెంట పరిగెత్తాలని అందరికీ చెప్పి నవ్వేది.

ఇలాంటి కాలుగాలిన పిల్లిలాంటి మనిషికి దేవుడు తగిన పనే చూపించాడు. ఇరవై రెండేళ్లుగా హిస్కియా పని, ఊరికి వచ్చినవాళ్లకు పిట్టల్ని చూపించడం. ఊరి చివర మొదలైన బాట ఎండిన కుయిసెబ్ నదిలోకి దిగుతుంది, తుమ్మచెట్ల నీడన గంటసేపు సాగుతుంది, అవతలి గట్టెక్కి ఎర్ర ఇసుక దిబ్బల్లో కలుస్తుంది. నదిలో పసిరిక పిట్టలు, గిన్నెకోళ్లు, కొమ్మల్లో కునికే గుడ్లగూబలు ఎవరికైనా కనిపిస్తాయి. కానీ సముద్రాలు దాటి వచ్చేవాళ్లు వాటి కోసం రారు. వాళ్లకు కావలసింది దిబ్బపిట్ట. పిచ్చుక కంటే కాస్త పెద్దది, ఒళ్లంతా ఇసుక రంగే. మా నమీబు ఎడారి దిబ్బల్లో తప్ప లోకంలో మరెక్కడా లేదట. మాకేం తెలుసు, వాళ్లే చెప్పారు.

అంతకుముందు హిస్కియా మేకలు కాసుకునేవాడు. పురుగుల మీద పరిశోధన చేయడానికి వచ్చిన ఒక విదేశీ దొరసాని, నీళ్ల డబ్బాలు మోయడానికి అతన్ని కుదుర్చుకుంది. పురుగుల కోసం వంగి వెతుకుతున్న ఆమెతో, ఈ డబ్బాలు మోసే మనిషి, తల ఎత్తకుండానే ఫలానా పిట్ట ఫలానా కొమ్మ మీద ఉందని చెబుతుంటే ఆమె పురుగుల్ని వదిలేసి అతన్నే చూసిందట. వెళ్లిపోతూ తన బైనాక్యులర్స్ అతని మెడలో వేసింది. కానీ నిజం చెప్పాలంటే హిస్కియాకు వాటితో అవసరం తక్కువ. దిబ్బ మొదట్లో ఆగుతాడు, టోపీ తీస్తాడు, కళ్లు మూసుకుంటాడు. ఆ ఒక్క నిమిషమే అతను కదలకుండా ఉండేది. తర్వాత చెయ్యి చాచి అదిగో అంటాడు. వచ్చినవాళ్లు అద్దాలు అటు తిప్పితే పిట్ట అక్కడే ఉంటుంది. అడుగుజాడలు చూసి వెతకవచ్చు కదా అని ఎవరైనా అడిగితే, జాడ పోయినవాడి సంగతి చెబుతుంది, గొంతు ఉన్నవాడి సంగతి చెబుతుంది అనేవాడు. దిబ్బపిట్టను చూడకుండా తన బాటలో ఒక్కరూ వెనక్కి పోలేదన్నది అతని గొప్ప. గొప్పే, ఎవరం కాదనలేదు.

అలాంటిది, కిందటి చలికాలం నుంచి దిబ్బలు మూగబోయాయి.

మొదట్లో హిస్కియా తూర్పుగాలిని తిట్టాడు. గాలి ఆగింది. తర్వాత వానల్లేక గడ్డి రాలిపోయిందన్నాడు. ఆ నెలలోనే నాలుగు చినుకులు పడి గడ్డి లేచింది. దిబ్బలు మాత్రం పలకలేదు. గులకరాళ్ల మైదానంలో బట్టమేక పిట్ట కప్పలా బెకబెకమంటే వినిపించేది, నదిలో పావురాళ్లు వినిపించేవి, కాకులు వినిపించేవి. ఇవన్నీ ఉండి అదొక్కటే లేకపోతే, అది వెళ్లిపోయిందనేగా? వచ్చినవాళ్లు మొహాలు వేలాడేసుకుని పోతున్నారు. అతనికి నిద్ర తగ్గింది. తెల్లారి ఒకసారి, పొద్దు వాలాక ఒకసారి ఒంటరిగా దిబ్బల దాకా వెళ్లి వచ్చేవాడు. ఇసుక మీద సన్నటి కాలిజాడలు కనిపించినా, పాతవి అని దాటిపోయేవాడు. గొంతు లేని జాడ అతనికి లెక్కలోది కాదు.

చివరికి అతనికి దొంగ దొరికాడు. తీరంలోని ఒక మోటారు బళ్ల కంపెనీ, ఇసుకలో ఎగిరే నాలుగు చక్రాల బళ్లతో రెండుసార్లు మా దిబ్బల మీదికి వచ్చి చూసిపోయింది. ఊరు ఒప్పుకుంటే ఇక్కడే పాక వేసి రోజూ నడుపుతామని, ఊరివాళ్లకు పనులిస్తామని ఊరి సంఘానికి కబురు పంపింది. హిస్కియాకు వెతకబోయిన తీగ కాలికి తగిలింది. ఆ రెండుసార్లకే పిట్టలు పారిపోయాయి, ఇక రోజూ తిరగనిస్తే ఇంకేమన్నా ఉందా అని ఇల్లిల్లూ తిరిగి చెప్పాడు.

సంఘం శనివారం ఉదయం చర్చి వసారాలో కూర్చుంది. సంఘానికి పెద్ద ఎఫ్రాయిమ్, నిదానస్తుడు, కళ్లజోడు తుడవందే మాట మొదలుపెట్టడు. తుడిచి, ఒక సందేహం ఉందన్నాడు. పోయిన నెల తీరం నుంచి ఇంకో గైడు తన జనాన్ని తీసుకొచ్చి, మన దిబ్బల్లోనే రెండు దిబ్బపిట్టల్ని చూశామని చెప్పి పోయాడట. హిస్కియా భగ్గుమన్నాడు. వాడు ఏ పిచ్చుకనో చూపించి అదే దిబ్బపిట్ట అని ఉంటాడన్నాడు.

అప్పుడు మగ్రీత అందుకుంది. ఈ మగ్రీత హిస్కియాకు మేనమామ కూతురు. మాలో బావామరదళ్లు ఒకరినొకరు ఏడిపించుకోకపోతే ఏదో గొడవైందని అనుకుంటారు. అరవై దగ్గర పడుతున్నా ఇద్దరూ ఆ ముచ్చట మానలేదు.

"బావకి కళ్లు మసకలు కమ్మాయి, అంతే. ఈసారి వచ్చినవాళ్లకి నన్ను చూపించమనండి. నేనూ ఇసక రంగే, నేనూ ఊరికే పరిగెడుతుంటాను," అంది.

వసారా అంతా నవ్వింది. ఇంకో రోజైతే హిస్కియా కూడా రెండింతలు తిరిగి అనేవాడు. ఆ రోజు అతనికి ఒళ్లు మండింది. నెలల తరబడి నిద్ర లేని మనిషి. లేచి నిలబడ్డాడు, అసలు కూర్చుంటేగా, రెండడుగులు ముందుకొచ్చాడు.

"అల్వీనా అక్క మీద ఒట్టేసి చెప్తున్నా. ఆ దిబ్బల మీద దిబ్బపిట్ట ఒక్కటంటే ఒక్కటి కూడా లేదు."

నవ్వులు ఠక్కున ఆగిపోయాయి. మాలో మనిషి దేవుడి మీద ఒట్టేస్తే పాస్టరు కోప్పడతాడు, అంతే. తల్లి మీద వేస్తే పెద్దవాళ్లు కసురుతారు. అక్క మీద వేశాడంటే ఇక మాట్లాడేదేమీ లేదు. యుక్తవయసు వచ్చాక అక్కతో తమ్ముడు ముఖాముఖి మాట్లాడడు, ఆమె ఉన్న చోట బూతు మాట ఎత్తడు, దారిలో ఎదురైతే పక్కకు తప్పుకుంటాడు. అంత పెద్ద పేరు అది. వెనక కిటికీ దగ్గర కూర్చున్న అల్వీనా మెల్లగా లేచి, ఎవరి వంకా చూడకుండా బయటికి వెళ్లిపోయింది.

ఎఫ్రాయిమ్ మళ్లీ కళ్లజోడు తుడుచుకున్నాడు. "సరే. పిట్టలు లేవు. ఒట్టు పడింది కాబట్టి దాని మీద చర్చ లేదు," అన్నాడు. తర్వాత అతను అడిగింది మాత్రం హిస్కియా ఊహించనిది. పిట్టలే లేకపోతే ఇంక ఆ దిబ్బల్ని ఎవరి కోసం కాపాడాలి? పిట్టల బాటకు ఎవరొస్తారు? బళ్లవాళ్లను రానిస్తే పదిమందికి పనన్నా దొరుకుతుంది. వచ్చే శనివారం చేతులెత్తి తేల్చుకుందామన్నాడు. సగం వసారా తలలూపింది. బళ్లను ఆపించాలని నోరు విప్పినవాడు, తన నోటితోనే వాటికి గేటు తీశాడు.

ఆ వారమంతా హిస్కియాది పిచ్చిపట్టినవాడి తీరు. ఒక్క పిట్ట కావాలి. ఒక్క గొంతు వినిపిస్తే చాలు, ఒట్టు సంగతి తర్వాత చూసుకోవచ్చు. పొద్దుటి మంచు విడవకముందే బయలుదేరేవాడు. మొక్కజొన్న సంకటి జేబులో పెట్టుకుని నడుస్తూనే తినేవాడు. ఒక దిబ్బ దగ్గర టోపీ తీసి నిలబడడం, కళ్లు మూసుకోవడం, ఏమీ లేకపోవడం, ఇంకో దిబ్బకు పరిగెత్తడం. అది నారా కాయలు, దిబ్బల్లో కాసే పుచ్చకాయల్లాంటివి, కోసే కాలం. ఊళ్లో సగం మంది దిబ్బల్లోనే ఉన్నారు. ముళ్ల తీగల మధ్య గాడిద బళ్లు ఆపుకుని కాయలు నింపుకుంటూ, ఇతను చెమటలు కక్కుకుంటూ దాటిపోతుంటే చూసి జాలిపడ్డారు. జాలిపడడం తప్ప ఇంకేమీ చేయలేదు. ఆ సంగతికి వస్తాను.

గురువారం రోజ్‌వీతా వెంట వచ్చింది. అల్వీనా పెద్దకూతురు, ఇరవై ఏడేళ్ల పిల్ల. తీరంలోని వాల్విస్ బేలో చేపల ఫ్యాక్టరీలో ఆరేళ్లు చేసి, అక్కడ పని తగ్గితే ఇంటికి వచ్చింది. మేనమామ అంటే చనువెక్కువ. మాలో మేనమామ వస్తువు అక్క పిల్లలు అడక్కుండా తీసుకోవచ్చు, ఆయన పళ్లికిలించి ఊరుకోవాలి. ఆ హక్కుతో రోజ్‌వీతా అతని చక్కెర డబ్బా ఏనాడో ఖాళీ చేసింది. ఆ రోజు తమ నారా పొదల్ని చూసుకోవడానికి కర్ర పట్టుకుని బయలుదేరి, దారి ఒకటే కదా అని మామతో నడిచింది.

మూడో దిబ్బ దగ్గర హిస్కియా ఆగి టోపీ తీశాడు. మంచు అప్పుడే విడిపోతోంది. ఇసుక పైన పలచగా తడి ఆరుతోంది. రోజ్‌వీతా కర్ర ఇసుకలో గుచ్చి అడిగింది.

"మామా, వచ్చిన దగ్గర్నించీ ఒకటే వాగుతోంది, ఏం పిట్టది?"

హిస్కియా కళ్లు తెరిచాడు. ఏ పిట్ట అని అడిగాడు. అదే, ఇప్పుడు కూడా అరుస్తోంది కదా, అందామె. అతను మళ్లీ కళ్లు మూసుకుని విన్నాడు. చొక్కా అంచును గాలి కొడుతున్న చప్పుడు. దూరంగా ఎవరి గాడిదో ఓండ్ర పెట్టింది. అంతకుమించి ఏమీ లేదు. తనను ఆటపట్టిస్తోందనుకున్నాడు. మామే తనను ఆటపట్టిస్తున్నాడని ఆమె అనుకుంది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఎటు నుంచి అని అడిగితే ఆమె కర్రతో చూపించింది.

అటు పది అడుగులు వేశాడో లేదో, జాడ కనిపించింది. సన్నటి మూడు వేళ్లు ముందుకు, ఒకటి వెనక్కి. తడికి గట్టిపడ్డ ఇసుక పొరను పగలగొట్టుకుంటూ పోయిన జాడ. అంచులు ఇంకా రాలలేదు. మంచు పడ్డాక నడిచింది కాబట్టి పాతదని తప్పించుకోవడానికి లేదు. పిట్ట పరిగెత్తి ఆగింది, ఏదో ముక్కుతో పొడుచుకుంది, మళ్లీ పరిగెత్తింది. హిస్కియా వంగి వెంటపడ్డాడు. జాడ ఒక గడ్డి దుబ్బు చుట్టూ తిరిగింది. దుబ్బుకు అవతల, పది అడుగుల దూరంలో, ఎండిన గడ్డిపోచ మీద దిబ్బపిట్ట ఉంది.

ఏడెనిమిది నెలల తర్వాత చూడడం. కన్నీళ్లు తుడుచుకుని మళ్లీ చూశాడు. ముక్కు తెరుచుకుని ఉంది. గొంతు కింద ఈకలు గడగడ వణుకుతున్నాయి. ముక్కు మూసుకుంది, తెరుచుకుంది, ఈకలు మళ్లీ వణికాయి. రోజ్‌వీతా దాని వంకే చూస్తూ, తనకు తెలియకుండానే వేలితో కర్ర మీద తాళం వేస్తోంది.

"అది పాడుతోందా?" అన్నాడు.

"ఆఁ."

"ఇప్పుడు?"

"ఇప్పుడు కూడా, మామా."

ఎలా పాడుతోందో చేసి చూపించమన్నాడు. రోజ్‌వీతా పెదాలు చుట్టి ఈల వేసింది. గాడిద ఓండ్ర, మనిషి మాట అందే చెవికి ఈల లాంటి సన్నటి చప్పుడు అందడం మానేసింది. హిస్కియాకు ఆమె పెదాలు కనిపించాయి, బుగ్గలు లోపలికి పోవడం కనిపించింది. అంతే.

అక్కడి నుంచి లేచి నడిచాడు. ఎక్కడికని కాదు, నడిచాడు. రోజ్‌వీతా వెనకే పరిగెత్తి చెయ్యి పట్టుకునే దాకా ఆగలేదు. ఇక మా సంగతి చెబుతాను, సిగ్గయినా సరే. ఆ పిట్టలు వారం నుంచి మా తలల చుట్టూ కూస్తూనే ఉన్నాయి. మాకు వినిపిస్తూనే ఉన్నాయి. అవే హిస్కియా పిట్టలని మాలో ఎవరికి తెలుసు? పెళ్లిళ్లు పాస్టరుకు వదిలేసినట్టు పిట్టల్ని హిస్కియాకు వదిలేశాం. అతను లేవంటే లేవనుకున్నాం. చెవులున్న ఊరంతా చెవులు పోయిన ఒక్కడి మాట మీద నడిచింది.

మేనకోడలిని అతను బతిమాలుకున్నాడు. ఎవరికీ చెప్పొద్దన్నాడు. ఆ క్షణంలో అతని బుర్రలో ఏం తిరిగిందో తర్వాత అతనే దాచకుండా చెప్పాడు. నోరు మూసుకుంటే తన పేరు చెడదు. పిట్టలు పోయాయి, పాపం హిస్కియా ఏం చేస్తాడు అంటారు. ఇరవై రెండేళ్ల గొప్ప గొప్పగానే ఉండిపోతుంది. నోరు విప్పితే, రేపటి నుంచి అతను చెవిటి గైడు. చెవిటి గైడు వెంట ఎవరు నడుస్తారు? పిట్ట పని పోతే అతనికి ఇంకేముంది, ఇంట్లో నాలుగు గోడలు. ఆ గోడల మధ్య కూర్చోవడం అతను తలుచుకోలేకపోయాడు. ఇంకోవైపు, గడ్డి దుబ్బుల మొదళ్లలో ఆ పిట్టల గూళ్లుంటాయి. ఎక్కడెక్కడున్నాయో అతనికి తెలుసు. బళ్ల చక్రాలు పోయేది సరిగ్గా అక్కడి నుంచే.

"నేను ఎవరికీ చెప్పను మామా," అంది రోజ్‌వీతా. "కానీ నువ్వు ఒట్టేసింది మా అమ్మ మీద."

శుక్రవారం పొద్దు వాలుతుండగా అతను అక్క ఇంటికి వెళ్లాడు. పద్ధతి ప్రకారం గుమ్మానికి వీపు పెట్టి వాకిట్లో నిలబడ్డాడు. అల్వీనా పెద్ద డ్రమ్ములో నారా గుజ్జు ఉడికిస్తోంది. మధ్యలో రోజ్‌వీతా నిలబడింది. నలభై ఏళ్లుగా అక్కాతమ్ముళ్ల మధ్య మాట ఇలాగే నడిచింది, మధ్యలో మనిషి మారుతూ వచ్చాడు తప్ప.

మీ అమ్మకు చెప్పు, అంటూ మొదలుపెట్టి మొత్తం చెప్పాడు. పిట్టను చూడడం, దాని గొంతు వణకడం, తనకు ఏమీ వినిపించకపోవడం. అక్క పేరు తప్పుడు మాటకు వాడుకున్నానని, ఏ శిక్ష వేసినా పడతానని చెప్పాడు. చెబుతున్నంతసేపూ వాకిట్లో ఆ చివరి నుంచి ఈ చివరికి తిరుగుతూనే ఉన్నాడు. మాట అయిపోయింది. డ్రమ్ములో గుజ్జు కుతకుతలాడుతోంది. రోజ్‌వీతా ఏమీ చెప్పడం లేదేమని వెనక్కి తిరగబోయి, ఆగిపోయాడు. అల్వీనా గరిటె పక్కన పెట్టి, గుమ్మం దాటి, చుట్టూ తిరిగి వచ్చి సరిగ్గా అతని ఎదురుగా నిలబడింది. నోరు కనిపించేలా మొహం ఎత్తింది.

"ఏడాది నించీ నాకు తెలుసు," అంది.

అతను తల దించుకోబోయాడు. ఆమె వేలితో గడ్డం పట్టి ఎత్తింది. చర్చి తలుపులు తీసేది ఆమే, తన నడుముకు వేలాడుతున్న ఆ తాళాల గుత్తిని పట్టుకుని చూపించింది. దారిలో తమ్ముడు ముందు నడుస్తుంటే ఆమె ఆ గుత్తి గలగలలాడించేది. అతను విని పక్కకు తప్పుకునేవాడు. ఆమె దాటిపోయేది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూడనక్కర్లేకుండా ఇన్నేళ్లూ అలా జరిగిపోయింది.

"కిందటేడు నువ్వు జరగడం మానేశావు. ముందు పొగరనుకున్నా. రెండ్రోజులు బాగా తిట్టుకున్నా. మూడోనాడు నీ వీపు వెనకే నిలబడి గుత్తి మోగించా, నువ్వు ఉలకలేదు. అప్పుడర్థమైంది. అప్పట్నించీ నేనే నదిలోకి దిగి చుట్టూ తిరిగి పోతున్నా."

మరి చెప్పలేదేమని అడిగాడు, నేరుగా ఆమెనే. అడిగాక గానీ తను నేరుగా మాట్లాడానని తెలియలేదు.

"ఎట్లా చెప్పను? నీతో మాట్లాడేదాన్నా నేను? ఇంకొకరి నోటితో చెప్పించి నిన్ను ఊరందరికీ చెవిటివాణ్ణి చేయనా?" అంది అల్వీనా. గొంతులో కోపం ఉంది. అతని మీదో, ఆచారం మీదో, కట్టెలమోపుతో నది ఇసుకలో ఏడాది పాటు తిరిగిన తన మీదో. "శనివారం నాడు నువ్వు అబద్ధం చెప్పలేదు. నీకు లేవు, లేవన్నావు. రేపు నోరు మూసుకున్నావంటే అది అబద్ధం. అప్పుడు నా పేరెత్తకు."

ఆ మాట చెప్పి లోపలికి పోయి గరిటె పట్టుకుంది.

మర్నాడు వసారా నిండిపోయింది. ఎఫ్రాయిమ్ కళ్లజోడు తుడవడం పూర్తి కాకముందే హిస్కియా ముందుకు వచ్చాడు. టోపీని చేతుల్లో గుండ్రంగా తిప్పుతూనే ఉన్నాడు. ఎక్కువ చెప్పలేదు.

"పిట్టలున్నాయి. నాకు చెవులు లేవు," అన్నాడు.

మొదట ఎవరికీ అర్థం కాలేదు. రోజ్‌వీతా లేచి గురువారం జరిగింది చెప్పింది. గుసగుసలు లేచాయి. మా వెనక ఎవరో నవ్వితే పక్కవాళ్లు మోచేత్తో పొడిచారు. ఎఫ్రాయిమ్ చెడ్డవాడు కాదు, కానీ అడగాల్సింది అడిగాడు. పోయినవారం అక్క మీద ఒట్టేసి లేవన్నావు, ఈవారం ఉన్నాయంటున్నావు, ఇప్పుడు దేని మీద ఒట్టేస్తావు? ఒట్టేయడానికి అంతకంటే పెద్ద పేరు మాలో ఎవరి దగ్గరా లేదు.

అల్వీనా కిటికీ దగ్గర నుంచి లేచింది. సంఘంలో ఆమె నోరు విప్పగా మేమెవరం వినలేదు. ఆడా మగా అందరి ముందు తమ్ముణ్ణి పేరు పెట్టి పిలిచింది.

"హిస్కియా, నా మీద వేసిన ఒట్టు తీసి గట్టున పెడుతున్నాను. ఇంక ఎవరూ దేని మీదా ఒట్టేయక్కర్లేదు. అందరికీ కాళ్లున్నాయి, చెవులున్నాయి. లేవండి, పోయి విందాం."

లేచాం. ఇంకేం చేస్తాం. ముప్పై నలభై మందిమి నది దాటి, తుమ్మచెట్ల కింద నడిచి, దిబ్బలెక్కాం. ఎప్పుడూ ముందు నడిచే హిస్కియా ఆ రోజు అందరికన్నా వెనకబడ్డాడు. ఇరవై రెండేళ్లలో మొదటిసారి, ఆ బాటలో తన ముందు మనుషుల వీపులు చూశాడు. మొదటి దిబ్బ దగ్గర గాలి తప్ప ఏమీ లేదు. రెండో దిబ్బ దగ్గర పిల్లలు అల్లరి చేస్తుంటే కసిరారు. మూడో దిబ్బ మొదట్లో రోజ్‌వీతా చెయ్యెత్తింది. అందరూ ఆగిపోయారు.

హిస్కియా పిట్ట కోసం చూడలేదు. మనుషుల మొహాలు చూశాడు. ముందు ఎఫ్రాయిమ్ తల పక్కకు వంగింది, తర్వాత టోపీ తీశాడు. పాస్టరు నోరు కొంచెం తెరుచుకుంది. చంటిబిడ్డను ఎత్తుకున్న ఒక తల్లి, బిడ్డ గడ్డం పట్టుకుని దిబ్బ వైపు తిప్పింది. ఒకరి తర్వాత ఒకరుగా ఆ మొహాలన్నీ మెత్తబడ్డాయి. తన వెంట వచ్చిన ప్రతి మనిషి మొహంలోనూ అతను ఇన్నేళ్లూ చూసిన మార్పే. అప్పుడు ఆ మార్పుకు కారణం అతనికి వినిపించేది.

అక్కడే, ఇసుకలో నిలబడే చేతులెత్తారు. బళ్లు వద్దన్న చేతులే ఎక్కువ. చప్పుడు చేయకుండా ఎత్తారు, ఎఫ్రాయిమ్ పెదాలు కదపకుండా లెక్కపెట్టాడు. రోజ్‌వీతా మెడలో బైనాక్యులర్స్ ఉన్నాయి. ఎప్పుడు తీసుకుందో హిస్కియాకు తెలియదు, అడగలేదు. అల్వీనా దూరంగా దిబ్బ వాలులో ఒంటరిగా కూర్చుని వింటోంది.

జనం కదలడం లేదు. ఇంత సేపు ఎందుకు కదలడం లేదో హిస్కియాకు అర్థం కాలేదు. కాళ్లు నిలవడం లేదు. పక్కన మగ్రీత ఉంది. ఆమె వెక్కిరిస్తుందని తెలిసే అడిగాడు.

"ఇంకా పాడుతోందా?"

మగ్రీత అతని వైపు తిరిగింది. తన నోరు అతనికి కనిపించేలా చూసుకుంది.

"పాడుతోంది బావా. ఆపగానే నేను చెప్తాను, ఉండు."

పుట్టి బుద్ధెరిగాక ఆమె అతనితో వెటకారం లేకుండా మాట్లాడిన మాట అదొక్కటే. హిస్కియా టోపీని మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చాడు.